ట్యాంకరు రాని ఇంట్లో ఆరు నెలలు

అనంతపురంలో ఎండాకాలం వీధి చివర ఆగే నీళ్ల ట్యాంకరులో మామూలుగా 5,000 లీటర్లు పడతాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఏడుగురు ఆరు నెలలు ఉండాలంటే కావలసిన నీళ్లు కూడా దాదాపు అంతే. తాగడానికి, ఎండబెట్టిన తిండిని నానబెట్టుకోవడానికి, పళ్లు తోముకుని ఒళ్లు తుడుచుకోవడానికి మనిషికి రోజుకు 3.8 లీటర్లని లెక్క. ఏడుగురికి 180 రోజులకు 4,788 లీటర్లు. అక్కడ స్నానం లేదు, బట్టలుతకడం లేదు, అంట్లు తోమడం లేదు. మాసిన బట్టలను చెత్తతోపాటు సరుకు నౌకలోకి ఎక్కిస్తారు. ఆ నౌక వాతావరణంలోకి దిగుతూ వాటితో సహా కాలిపోతుంది. ఇంత పొదుపుగా బతికినా ఒక ట్యాంకరు కావాలి.

ఆ ట్యాంకరు 400 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి. ఎత్తు ఒక్కటే చాలదు, గంటకు 27,600 కిలోమీటర్ల వేగం కూడా అందుకోవాలి. శ్రీశైలం వెనుక జలాలను హంద్రీ-నీవాలో మెట్టుమెట్టుగా ఎత్తిపోసి తేవడానికే ఎంత కరెంటు ఖర్చవుతుందో ఈ జిల్లాల వాళ్లకు తెలుసు. రాకెట్టులో అయితే లీటరు నీళ్లకు వేల డాలర్లు. అందుకే ఒకసారి పైకి చేరిన నీటిని కేంద్రం మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. అక్కడివాళ్లు వాడిన నీటిలో 98 శాతం తిరిగి చేతికొస్తోందని 2023 జూన్‌లో నాసా ప్రకటించింది. మన లెక్కకు అన్వయిస్తే, 4,788 లీటర్లలో ఆరు నెలలకు పోయేది 96 లీటర్లు, అంటే ఐదు మినరల్ వాటర్ క్యాన్లు కూడా నిండవు. అంతకుముందు ఈ శాతం 93, 94 దగ్గర ఉండేది. వినడానికి తేడా చిన్నదే, క్యాన్లలో చూస్తే పది పన్నెండు. ఆఖరి నాలుగైదు శాతం సాధించడానికి పదేళ్లకు పైగా పట్టింది.

దీర్ఘకాల యాత్ర అనగానే రాకెట్టు, గాల్లో తేలే మనుషులు, కిటికీలోంచి నీలి భూగోళం గుర్తొస్తాయి. ఆరు నెలలపాటు మనిషిని అక్కడ నిలబెట్టేది మాత్రం ఉప్పునీటితో జరిగే పెనుగులాట. నీళ్లు లాగేస్తే ఉప్పులు చిక్కబడతాయి, చిక్కబడితే పేరుకుంటాయి, పేరుకుంటే ఎక్కడో ఒకచోట అడ్డుపడతాయి. బోరు నీళ్లు పోసిన గీజరు కాయిలు విప్పి చూసిన ఎవరికీ ఇది కొత్త సంగతి కాదు.

నీళ్లు ఎక్కడివి

కేంద్రంలో తిరిగి పట్టుకోవలసిన నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. మనిషి రోజుకు సుమారు లీటరున్నర మూత్రం పోస్తాడు. అంతకంటే కాస్త ఎక్కువే చెమటగా, ఊపిరిలో తేమగా గాల్లో కలిసిపోతుంది. రెండోది పట్టుకోవడం తేలిక. ఎయిర్ కండిషనర్ నడుస్తుంటే బయటి గొట్టంలోంచి బకెట్టులోకి చుక్కచుక్కగా నీళ్లు కారతాయి కదా, అక్కడా అదే పద్ధతి. గాలిని చల్లటి లోహపు రెక్కల మీదుగా పోనిస్తే తేమ నీరవుతుంది. అయితే భారరహిత స్థితిలో ఆ నీరు కిందికి కారదు, రెక్కలకే అంటుకుని ఉంటుంది. దాన్ని సన్నని రంధ్రాల గుండా పీల్చి, గాలి నుంచి గిరగిర తిప్పి విడదీయాలి. వ్యాయామం చేసినవాళ్ల చెమట, తడి తువాలు ఆరినప్పుడు వచ్చే తేమ, ప్రయోగాల కోసం తెచ్చిన ఎలుకల ఊపిరి, అన్నీ ఈ దారిలోనే చేరతాయి.

మూత్రం సంగతి వేరు. అది నిలవ ఉంటే అందులోని యూరియా విరిగి అమ్మోనియా పుడుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే మరుగుదొడ్డి గొట్టంలో ఉండగానే ఆమ్లం, క్రోమియం సమ్మేళనం కలుపుతారు. ఆమ్లం యూరియాను విరగనివ్వదు, క్రోమియం సూక్ష్మజీవులను చంపుతుంది. అక్కడి నుంచి అది బట్టీలోకి వెళుతుంది.

బట్టీ అంటే తిరిగే డ్రమ్ము. భూమ్మీద గిన్నెలో నీళ్లు కాస్తే ఆవిరి పైకి పోతుంది, నీళ్లు అడుగున ఉంటాయి. అక్కడ పైనా కిందా లేవు గనుక బుడగలు నీళ్లలోనే ఇరుక్కుని అంతా నురగై కూర్చుంటుంది. డ్రమ్మును తిప్పితే ద్రవం గోడకు పలచగా పరుచుకుంటుంది, ఆవిరి మధ్యలో మిగులుతుంది. లోపలి పీడనాన్ని మామూలు గాలి పీడనంలో ఇరవయ్యో వంతుకు దించుతారు కాబట్టి ఒంటి వేడి దరిదాపుల్లోనే నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసరుతో నొక్కి అదే డ్రమ్ము గోడకు బయటి వైపున చల్లారనిస్తారు. చల్లారుతూ అది వదిలే వేడి గోడ దాటి లోపలి మూత్రాన్ని ఆవిరి చేస్తుంది. ఒకే వేడి రెండుసార్లు పనికొస్తుంది గనుక కరెంటు తక్కువ పడుతుంది. ద్రవాన్ని నడిపేది మెత్తని గొట్టాన్ని బయటి నుంచి రోలర్లతో పిండే పంపు, డయాలసిస్ మిషన్లో రక్తాన్ని నడిపే పంపు లాంటిది.

ఈ మొత్తం వ్యవస్థ 2008 నవంబరులో ఎండీవర్ షటిల్‌లో పైకి వెళ్లింది. దాని నీళ్లు తాగడానికి 2009 మేలో అనుమతి వచ్చింది. అదే నెలాఖరున కేంద్రంలో ఉండేవాళ్ల సంఖ్య మూడు నుంచి ఆరుకు పెరిగింది. సంఖ్య పెరగడం ఈ డ్రమ్ము మీదే ఆధారపడి ఉంది.

ఎముకలోంచి వచ్చిన జిప్సం

మూత్రంలో 85 శాతం నీటిని వెనక్కి తీయాలని డ్రమ్మును రూపొందించారు. భూమ్మీద పరీక్షల్లో అది సజావుగా పనిచేసింది. పైకి వెళ్లాక 2009లోనే మొరాయించింది. ఆ భాగాన్ని కిందికి తెచ్చి విప్పితే లోపల తెల్లటి గట్టి పదార్థం పేరుకుని ఉంది. అది కాల్షియం సల్ఫేట్, మనం జిప్సం అంటాం. అనంతపురం చెనిక్కాయ రైతు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేసేది ఈ పదార్థాన్నే.

అది అక్కడికెలా వచ్చింది? సల్ఫేటు కలిపిన ఆమ్లంలోనే ఉంది, అప్పట్లో వాడింది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కాల్షియం మాత్రం మనుషుల ఎముకల్లోంచి వచ్చింది. బరువు మోయనక్కర్లేని చోట శరీరం ఎముకను కరిగించుకుంటుంది. తగిన వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతుంది. భూమ్మీద ముట్లాగిన ఆడవాళ్లు సుమారు ఏడాదిలో పోగొట్టుకునేంత అక్కడ ఒక్క నెలలో పోతుంది. కరిగిన కాల్షియం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. భూమ్మీద పరీక్షలకు మూత్రం ఇచ్చినవాళ్ల ఎముకలు గట్టిగానే ఉన్నాయి కాబట్టి ఈ ఇబ్బంది ఆ పరీక్షల్లో బయటపడలేదు.

లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 100 లీటర్ల మూత్రంలోంచి 85 లీటర్లు లాగేస్తే మిగిలిన 15 లీటర్లలో ఉప్పులు ఆరున్నర రెట్లకు పైగా చిక్కబడతాయి. 70 లీటర్ల దగ్గర ఆపితే మూడు రెట్లు దాటి కాస్త. కాల్షియం మొదటే ఎక్కువగా ఉంటే 85కు చేరకముందే అది కరిగి ఉండగల హద్దు దాటి గడ్డకడుతుంది. నాసా ఇంజినీర్లు చేసిన మొదటి పని 85ను 70, 75 మధ్యకు దించడం. అంటే డ్రమ్ము బతకడం కోసం రోజూ కొంత నీటిని వదులుకున్నారు. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం మాని ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. సల్ఫేటు తగ్గితే జిప్సం ఏర్పడదు కాబట్టి మళ్లీ 85కు పోగలిగారు.

ఈ ఒక్క ఉదంతం చాలు, దీర్ఘకాల యాత్రలో మనిషి ఒంటిని ఒక శాఖకు, యంత్రాన్ని మరో శాఖకు వదిలేస్తే ఏం జరుగుతుందో తెలియడానికి. తుంటి ఎముక పలచబడటం డాక్టరు చూసుకునే విషయమని, డ్రమ్ము ఆగిపోవడం మెకానిక్కు చూసుకునే విషయమని అనుకుంటాం. రెండు చోట్లా ఉన్నది ఒకే కాల్షియం.

డ్రమ్ములో మిగిలిన 15 శాతం ముదురు రంగు చిక్కటి ఉప్పునీరును చాలాకాలం తొట్టెల్లో నింపి పారేశారు. మన ఊళ్లలో ఆర్.ఓ. ప్లాంటు వెనక గొట్టంలోంచి మురిక్కాలవలోకి పోయే నీటికి అది తోబుట్టువు. ఇంట్లో పెట్టుకునే చాలా ఆర్.ఓ. మిషన్లు ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. ఎక్కువ పిండితే పొర మీద సున్నం పట్టి పొర పాడవుతుంది కనుక అలా వదలక తప్పదు. 2021లో కేంద్రానికి ఉప్పునీటిని ఆరబెట్టే యంత్రం చేరింది. చిక్కటి ఉప్పునీరును ప్రత్యేక పొరతో చేసిన సంచిలో పోసి, చుట్టూ వెచ్చటి పొడి గాలి తిప్పుతారు. నీటి ఆవిరి పొర దాటి గదిలోకి వస్తుంది, ఉప్పులు సంచిలో ఉండిపోతాయి. ఆ ఆవిరిని తేమ పట్టే చల్లటి రెక్కలు ఎటూ పట్టేస్తాయి. 93ను 98 చేసింది ఈ సంచే. ఉప్పునీటిని మరిగించకుండా, నొక్కకుండా, ఎండలో వడియాలు పెట్టినట్టు నిదానంగా ఆరనిచ్చారు. దానివల్లే గడ్డకట్టినా అడ్డుపడటానికి అక్కడ కదిలే భాగమేదీ లేదు. ఈ మొత్తం వ్యవస్థలో ఎక్కువ తెలివి కనబడేది ఇక్కడే.

మీటరు చూపనివి

డ్రమ్ము నుంచి వచ్చిన నీళ్లు, గాల్లోంచి పట్టిన తేమ ఒకే తొట్టిలో కలుస్తాయి. అక్కడి నుంచి వడపోత, ఆ తర్వాత బొగ్గు, రెసిన్ నింపిన పెద్ద గొట్టాలు, ఆపైన సుమారు 130 డిగ్రీల వేడిలో ఆక్సిజన్‌తో మిగిలిన సేంద్రియ మలినాలను కాల్చే గది. చివర్లో సూక్ష్మజీవులు పెరగకుండా అయోడిన్ కలుపుతారు, తాగే కుళాయి దగ్గర దాన్ని మళ్లీ తీసేస్తారు. నీటిలోంచి కరెంటు ఎంత పారుతోందో కొలిచే సెన్సరు సరేనంటేనే నీళ్లు ముందుకు వెళతాయి, లేకపోతే మొదటికి తిరగాల్సిందే.

ఆ సెన్సరు కొలిచేదీ, క్యాన్ల వ్యాపారి గ్లాసులో ముంచి చూపే టి.డి.ఎస్. మీటరు కొలిచేదీ ఒకటే. 2010లో కేంద్రంలో ఆ సెన్సరు అంతా బాగుందని చూపుతుండగానే నీటిలో సేంద్రియ కార్బన్ నెమ్మదిగా పెరగసాగింది. నమూనాలను కిందికి తెచ్చి పరీక్షిస్తే సిలికాన్ కుటుంబానికి చెందిన చిన్న అణువు దొరికింది. ఒంటికి రాసుకునే సామాగ్రి, కందెనల వంటి వాటిలోంచి గాల్లోకి లేచి, తేమలో కరిగి, బొగ్గునూ రెసిన్‌నూ దాటుకుని వచ్చింది. దానికి విద్యుదావేశం లేదు, అందుకే మీటరుకు కనబడలేదు. సేంద్రియ కార్బన్‌ను కొలిచే పరికరం విడిగా ఉండబట్టి సంగతి తెలిసింది, వడపోత గొట్టాలు మార్చి సరిచేశారు.

ఫ్లోరైడ్ పీడ ఉన్న అనంతపురం, కడప పల్లెల్లో ఇది గుర్తుపెట్టుకోవలసిన విషయం. టి.డి.ఎస్. అంకె కరిగిన ఉప్పులు మొత్తం ఎంతో చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. సూక్ష్మజీవుల గురించి అసలేమీ చెప్పదు. ఫ్లోరైడ్ కోసం విడిగా పరీక్ష చేయించాల్సిందే.

సూక్ష్మజీవుల బెడద అక్కడా ఉంది. మురుగునీటి తొట్టి గోడల మీద జిగురు పొరలా పెరిగి, ముక్కలుగా ఊడి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. అడ్డంగా వడపోత పెట్టి దాన్ని మార్చుకుంటూ నెట్టుకొస్తున్నారు.

ఖనిజం అడ్డుపడితే ఎంత దూరం వెళుతుందో 2013 జులై 16న తెలిసింది. ఇటలీ వ్యోమగామి లూకా పర్మితానో కేంద్రం బయట పని చేస్తుండగా హెల్మెట్‌లోకి నీళ్లు చేరాయి. భారం లేకపోవడంతో ఆ నీళ్లు ముక్కుకు, చెవులకు, కళ్లకు అంటుకున్నాయి. సుమారు లీటరున్నర. దాదాపు ఏమీ కనబడని స్థితిలో తాడు పట్టుకుని లోపలికి చేరాడు. సూట్‌లో గాలినీ నీటినీ వేరుచేసే చిన్న డ్రమ్ము రంధ్రాలను సిలికా వంటి ఖనిజ పదార్థం మూసేయడంతో, సూట్‌ను చల్లబరిచే నీళ్లు గాలి దారిలోకి పొంగాయని తేలింది. మరో మాట చెప్పుకోవాలి. వారం ముందు, జులై 9న, అదే సూట్‌లో నీళ్లు కనబడ్డాయి. తాగే సంచి కారి ఉంటుందని సరిపెట్టుకున్నారు. తేలిగ్గా దొరికే కారణం చేతికందితే అసలు కారణాన్ని ఎవరూ వెతకరు. యంత్రంలో సిలికా పేరుకోవడం కంటే పెద్ద తప్పు అదే.

తక్కువ తాగితే పొదుపు కాదు

నీళ్లు ఇంత విలువైనవైతే కాస్త తక్కువ తాగవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ అది ప్రమాదం. మూత్రంలో కాల్షియం ఎక్కువ ఉన్నప్పుడు నీళ్లు తగ్గిస్తే డ్రమ్ములో జరిగినదే కిడ్నీలో జరిగి రాళ్లు పడతాయి. మే నెల ఎండలో పొలంలోనో, బేతంచెర్ల నాపరాళ్ల గనిలోనో పనిచేస్తూ నీళ్లు తాగనివాళ్లకు కిడ్నీలో రాళ్లు వచ్చేది కూడా మూత్రం చిక్కబడటంవల్లే. అందుకే వ్యోమగాములను బాగా నీళ్లు తాగమనే చెబుతారు. పొదుపు చేయాల్సింది నోటి దగ్గర కాదు, యంత్రం దగ్గర.

ఎముక కరగకుండా చూడటమే అసలు పొదుపు. రోజూ రెండు నుంచి రెండున్నర గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు, సామాను సర్దుకునే సమయంతో కలిపి. తేలిపోకుండా పట్టీలతో కిందికి లాగిపెట్టే ట్రెడ్‌మిల్, సీటు లేని సైకిల్, గాలి తీసేసిన సిలిండర్లతో 270 కిలోల దాకా బరువు పుట్టించే యంత్రం ఉంటాయి. మూడింటిలో ఎముకకు నిజంగా మేలు చేసింది ఆఖరిది. అది చేరకముందు వాడిన పరికరం చాలినంత బరువు ఇవ్వలేకపోయింది. బరువుతో చతికిలబడి లేచేటప్పుడు తుంటి మీద పడే ఒత్తిడి చూసి శరీరం ఎముకను నిలుపుకుంటుంది. వ్యాయామానికి తోడు వారానికొక అలెండ్రోనేట్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఎముక నష్టం ఇంకా తగ్గింది, మూత్రంలో కాల్షియం కూడా తగ్గింది.

తిండిలో ఉప్పు మరో మీట. ఉప్పు ఎక్కువ తింటే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది. అందుకని నాసా తన వంటకాల్లో చాలావాటిని ఉప్పు తగ్గించి మళ్లీ తయారు చేసింది. కారం విషయంలో మాత్రం పట్టింపు లేదు. ఒంట్లో ద్రవం తలవైపు ఎక్కి ముక్కు దిబ్బడ వేస్తుంది, రుచి సరిగా తెలియదు, దాంతో ఘాటైన సాసుకు గిరాకీ పెరుగుతుంది. కడప కారానికి అక్కడ మంచి చోటే దొరుకుతుంది, పచ్చడిగా కాకుండా ఉప్పు తక్కువ పొడిగా, గాల్లో ఎగరకుండా నూనెలో కలిపి తీసుకెళితే.

గాలి విషయం క్లుప్తంగా. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. దాన్ని నీటిని విడగొట్టి తీస్తే మనిషికి 0.95 లీటర్ల దాకా నీళ్లు ఖర్చు, పైన వేసిన లెక్కకు ఇది అదనం. విడిపోయిన హైడ్రోజన్‌ను, ఊపిరిలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మళ్లీ నీరు చేసే యంత్రాన్ని 2010లో అమర్చారు. దానితో సగం నీళ్లు తిరిగొచ్చేవి, మిగతా హైడ్రోజన్ మీథేన్‌గా బయటికి పోయేది. కార్బన్ డయాక్సైడ్ ఎంత తీసినా భూమ్మీద కంటే చాలా రెట్లు ఎక్కువే ఉంటుంది. తలనొప్పుల ఫిర్యాదులకు అదొక కారణం.

ఒక పంపు, రెండు సూట్‌కేసులు

2024 మే నెలాఖరున మూత్రం శుద్ధి చేసే యంత్రంలో ఒక పంపు ఆగిపోయింది. పంపు ఆగితే నీళ్లు తగ్గడం తర్వాతి మాట, ముందు మూత్రం నిలవ పెట్టడానికి చోటు వెతకాలి. సంచులు, తొట్టెలు నిండిపోతే దారి లేదు. అప్పటికి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నది సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వెళ్లే స్టార్‌లైనర్ వ్యోమనౌక. సుమారు 70 కిలోల కొత్త పంపును అందులో పెట్టడానికి వాళ్లిద్దరి బట్టల సూట్‌కేసులు రెండు తీసేశారు. జూన్ 5న బయల్దేరిన ఆ యాత్ర ఎనిమిది రోజులనుకున్నది 286 రోజులకు సాగింది. మొదట్లో వాళ్లు కేంద్రంలో నిలవ ఉన్న బట్టలతో సర్దుకున్నారు. పంపు ముందా, బట్టలు ముందా అన్నప్పుడు నాసా రెండో ఆలోచన చేయలేదు. చేయకూడదు కూడా.

మన దేశానికి ఇది దూరపు ముచ్చట కాదు. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్, జులైలలో 18 రోజులు ఇదే కేంద్రంలో ఉండి వచ్చారు. మనుషులను అంతరిక్షానికి పంపే మన గగన్‌యాన్‌లో ముగ్గురు మూడు రోజులు ఉండాలన్నది లక్ష్యం. 3.8 లీటర్ల చొప్పున వేసుకున్నా 34 లీటర్లు, రెండు క్యాన్ల లోపు. తీసుకెళితే సరిపోతుంది, శుద్ధి చేసే డ్రమ్ము అక్కర్లేదు. భారతీయ అంతరిక్ష కేంద్రం సంగతి అలా కాదు. మొదటి భాగాన్ని 2028లో, మొత్తాన్ని 2035 నాటికి నిలపాలన్నది ప్రకటించిన లక్ష్యం. అందులో నెలల తరబడి మనుషులు ఉండాలంటే నీటి చక్రం మనదే కావాలి. డ్రమ్ము, పొర, పంపు తయారు చేయడం ఒక వంతు పని. మన తిండి తిని, మన ఉప్పు తిని, ఆరు నెలలు భారం లేకుండా గడిపినవారి మూత్రంలో కాల్షియం ఎంత ఉంటుందో కొలవడం రెండో వంతు. ఆ అంకె చేతికి రాకముందు ఎంత శాతం నీళ్లు లాగాలో నిర్ణయిస్తే 2009 నాటి జిప్సం మళ్లీ పేరుకుంటుంది. ఆ కొలతకు రాకెట్టు కోసం ఆగనక్కర్లేదు. మనుషులను వారాల తరబడి తల కాస్త కిందికి వాల్చి మంచంపై పడుకోబెట్టే అధ్యయనాల్లోనూ ఎముక కరుగుతుంది, మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. సీసాలు, ల్యాబు, ఓపిక ఉంటే ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.